పదమూడు మైక్రాన్లు

"దారం తియ్యి."

నా కుడి మణికట్టుకి ఎర్రదారం ఉంది. పోయిన వారం అమ్మ సింహాచలం అప్పన్న కొండకి వెళ్లి తెచ్చి కట్టింది. గురువు గారు పొద్దున్నే మా మొహాలు చూడరు, చేతులే చూస్తారు. దారం విప్పి జేబులో పెట్టుకుంటాను. వాచీ ఇంట్లోనే వదిలేశాను. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచేశాను. ఇక్కడ గ్లవ్సుల మాట ఎత్తకూడదు. కొత్తవాళ్లకి విడ్డూరంగా ఉంటుంది గాని, లేత్ దగ్గర గ్లవ్సు ఉరితాడుతో సమానం. కడ్డీని పట్టుకుని తిరిగే చక్‌కి దాని అంచు తగిలితే వేలొక్కటే పోదు. వేలి వెనకాల చెయ్యి, చేతి వెనకాల మనిషి.

"అప్పన్న సామి జేబులో ఉన్నా సూసుకుంటాడు. సక్‌లో సుట్టుకుంటే ఆయన మాత్రం ఏటి సేస్తాడు?" అని గురువు గారు టీ గ్లాసు కింద పెట్టారు.

ఉదయం ఏడున్నర. పెందుర్తి జంక్షన్లో ఆటోవాళ్లు సబ్బవరం, కొత్తవలస అని అప్పుడే గొంతు చించుకుంటున్నారు. అరకు చూడ్డానికి పోయేవాళ్లని కుక్కుకుని కిరండూల్ పాసింజరు ఇందాకే వెళ్లిపోయింది. రైలు పట్టాలకి వినికిడి దూరంలో, ఒక సందు చివర, రేకుల షెడ్డు మాది. మాది అనడం అలవాటైపోయింది గాని, చేరి నాలుగు నెలలే. పదకొండు మంది పనిచేసే చోటు. మూడు లేత్‌లు, ఒక మిల్లింగ్ మిషను, ఒక ముసలి షేపరు, గోడ వారగా డ్రిల్లు, మూల గ్రైండరు. నిరుడు కొన్న సీఎన్‌సీ లేత్‌కి మాత్రం అద్దాల గది, అందులో ఏసీ. మాకు నెత్తిమీద ఒక ఫ్యాను, దానికి గాలి కంటే చప్పుడు ఎక్కువ.

లోపల అడుగు పెట్టగానే ముందు వాసన తగులుతుంది. అది కోతలో టూలుని చల్లబరిచే కూలెంటు వాసన. నీళ్లలో ఆ నూనె కలిపితే పాలలా తెల్లగా మారుతుంది. ఒక్క ఆదివారం మిషన్లు ఆగితే చాలు, పులిసిపోతుంది. మా నాయనమ్మ కుండలో తరవాణి రెండు రోజులు మరిచిపోతే ఇల్లంతా ఇదే వాసన. ఇవాళ సోమవారం.

మా ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు, మెషినిస్టు అంటే మెకానిక్కేనా అని. మెకానిక్కు పాడైనదాన్ని విప్పి, బాగుచేసి, బిగిస్తాడు. ఆ బిగించే ముక్కని ఇనపకడ్డీలోంచి పుట్టించేవాడు మెషినిస్టు. కాగితం మీదైతే నాది మిల్లింగు, షేపరు, గ్రైండింగు పని. లేత్ పట్టేవాడు టర్నరు. చిన్న షాపులో ఆ పట్టింపు నడవదు. ఏ మిషను ఖాళీగా ఉంటే దాని ముందు నిలబడాలి.

విశాఖపట్నానికి ఈ పని ఓడలతో పాటు వచ్చింది. సింధియా వాళ్ల ఓడల కార్ఖానాకి 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేశారు. 1948లో అక్కణ్నుంచి ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి దిగింది. 1966లో బీహెచ్‌పీవీ కార్ఖానా వచ్చింది. తర్వాత ఎన్నో ప్రాణాలు పోసి తెచ్చుకున్న ఉక్కు ఫ్యాక్టరీ, 1992లో జాతికి అంకితమైంది. పెద్ద కార్ఖానాలకి వెయ్యి చిన్న ముక్కలు కావాలి. ఆ ముక్కల కోసం గాజువాక ఆటోనగర్లో, ఇటు పెందుర్తి దాకా రేకుల షెడ్లు లేచాయి. గురువు గారు ఒక పెద్ద కార్ఖానాలో ముప్పయ్యేళ్లు చేసి, రిటైరై, ఇంట్లో కూర్చోలేక ఇక్కడికి వచ్చారు.

నేను కంచరపాలెం ఐ.టి.ఐ.లో రెండేళ్లు చదివాను. మొదటి నెలలన్నీ మిషను ముట్టుకోనివ్వలేదు. వైసులో ఇనప దిమ్మ, చేతిలో ఆకురాయి, అంతే. బాస్టర్డ్ ఫైలు అని మాస్టారు మొదటిసారి అన్నప్పుడు క్లాసంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. "నెల తర్వాత అదే మిమ్మల్ని చూసి నవ్వుతుంది" అన్నారు. నిజంగానే నవ్వింది. ఆకురాయి తోసేటప్పుడు చెయ్యి ఉయ్యాలలా ఊగుతుంది, మనకి తెలియదు. అంచులు అరిగిపోయి మధ్య భాగం ఏనుగు వీపులా లేస్తుంది. మూలమట్టం ఆనించి వెలుతురికి ఎదురుగా పెడితే సందులోంచి వెలుగు గీత కనపడుతుంది. వెంట్రుకలో పదో వంతు సందున్నా వెలుగు దూరిపోతుంది, దానికి మొహమాటం ఉండదు. ఆకురాయి పళ్లలో రజను ఇరుక్కుని పనిని గీరేయకుండా సుద్ద రాయాలని, అరచేతి కంటే భుజం ముందు అలిసిపోతే సరిగ్గా నిలబడినట్టని అప్పుడే తెలిసింది. అన్నీ సీఎన్‌సీలు వచ్చేశాక ఈ రుద్దుడెందుకని ఇప్పటి పిల్లలు అడుగుతారు. నేనూ అడిగాను. జవాబు ఇవాళ మధ్యాహ్నం దొరకబోతోంది, ఇప్పుడింకా నాకు తెలియదు.

చదువయ్యాక ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్పు. 1961 నాటి చట్టం. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, ఆపైన పనిచేసే చోట అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, 4 నుంచి 29 మంది ఉంటే యజమాని ఇష్టం. మా ఓనరు గారు ఇష్టపడి ఇద్దర్ని తీసుకున్నారు. ఐ.టి.ఐ. పాసైనవాడికి నెలకి కనీసం 7,000 రూపాయలు ఇవ్వాలని ఆ 2019 నిబంధనల్లో రాశారు. అందులో నాలుగో వంతు, 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. గది అద్దె, కేరేజీ, బస్సు తీసేస్తే మిగిలేది చెప్పుకోడానికి సిగ్గేస్తుంది. ఇది తక్కువ, ఈ మాట అనడానికి నాకు మొహమాటం లేదు.

"ఇలగ రా."

గురువు గారు బల్ల మీద నూనె మరకల కాగితం పరిచారు. సబ్బవరం వైపు రైతు ఒకాయన పంపు షాఫ్టు. పాతది వంగిపోయింది. 32 మి.మీ. ఈఎన్8 ఉక్కు కడ్డీలోంచి కొత్తది తియ్యాలి. ఒక చివర 6205 బేరింగు కూర్చోవాలి, దాని లోపలి రంధ్రం 25 మి.మీ. బేరింగు షాఫ్టు మీద వదులుగా ఉంటే లోపల జారి తిరిగి షాఫ్టునే తినేస్తుంది. మరీ బిగువైతే లోపలి గుండ్లు నలిగిపోతాయి. అందుకే కాగితం మీద రెండు అంకెలు ఉన్నాయి: 25.002, 25.015. పని ఈ రెండింటి మధ్య ఎక్కడో ఆగాలి. మధ్యలో ఉన్న చోటు 13 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరుని వెయ్యి భాగాలు చేస్తే పదమూడు.

"నాను గాజువాక ఎల్లి టూలు టిప్పులు తెత్తాను. రఫింగు సెయ్. ఫినిషింగు నీకు ధైర్నం ఉంటే సెయ్, నేకపోతే నాను వొచ్చేదాకా ఆగు." బండి ఎక్కబోతూ మళ్లీ వెనక్కి తిరిగారు. "అప్పన్నకి అక్షయ తదియనాడు సందనం వొలిసేత్తారు. మళ్లీ పూత్తారు. ఇనుముకి పూయడానికి నేదు."

కడ్డీని చక్‌లో పెట్టి, చక్ కీ బిగించి, కీ తీసి ట్రేలో పడేస్తాను. ఈ చివరి పని చెయ్యి దానంతటదే చేసేలా నెల రోజులు తిట్లు తిన్నాను. చక్‌లో కీ మరిచిపోయి స్విచ్చి వేస్తే అది ఎవరి మొహానికి తగులుతుందో దేవుడికే తెలియాలి. రెండో చివర టెయిల్ స్టాకు సెంటరు ఆనించాను. ఇక స్పీడు. కార్బైడు టూలుకి ఈ ఉక్కు మీద నిమిషానికి 80 మీటర్లు అనుకుంటే, 80ని వెయ్యితో గుణించి, పై (π)తోనూ వ్యాసంతోనూ భాగించాలి. 25 మీద 1,000 చుట్లకి కాస్త పైన. గేరు లివరు అక్కడికి తోసి స్విచ్చి వేశాను.

మొదటి కోతలో కడ్డీ మీది నల్ల తోలు లేచిపోయి కింద వెండి బయటపడుతుంది. నాలుగు నెలలైనా ఆ క్షణం నాకు పాతబడలేదు. రజను చుట్టలు చుట్టలుగా, నీలం రంగులో, పొగలు కక్కుతూ ట్రేలో రాలుతోంది. నీలం రావడం మంచిదే, వేడి రజనుతో పాటు పోతోందని అర్థం. చేత్తో లాగకూడదు, బ్లేడు కంటే పదును. కొక్కెంతో లాగాలి. పది నిమిషాలకి కూలెంటు పంపు గురగురమని ఆగిపోయింది. రెండు తన్నులు తన్నాను. కదల్లేదు. సరే, కార్బైడే కదా, పొడిగానే లాగించేద్దాం అనుకున్నాను.

ఇవాళ నేను చేసిన తప్పు ఇదే. అప్పుడది తప్పులా లేదు, తెలివిలా ఉంది.

25.3 దాకా వచ్చాక నెమ్మదించాను. మా పాత లేత్ డయలు మీద ఒక గీత తిప్పితే వ్యాసం 0.05 తగ్గుతుంది. నాకు కావలసింది అందులో ఐదో వంతు. దీనికి గురువు గారి దగ్గర ఒక కిటుకుంది. టూలున్న పై స్లయిడుని లేత్ బారుకి సుమారు 5 డిగ్రీల 44 నిమిషాలు, అంటే ఆరుకి కాస్త లోపల, వాల్చి పెడితే అది పది అడుగులు ముందుకేస్తే టూలు ఒక్క అడుగే లోపలికి దిగుతుంది. ముతక డయలుతోనే సన్నపు కోత. ఇంకో సంగతి, స్క్రూకీ నట్టుకీ మధ్య ఎప్పుడూ కాస్త ఖాళీ ఉంటుంది. హ్యాండిలు గీత దాటితే అక్కడికక్కడే వెనక్కి తిప్పితే సరిపోదు. అర చుట్టు వెనక్కి పోయి, మళ్లీ ముందుకే రావాలి.

కోత, కొలత. కోత, కొలత. మైక్రోమీటరు బుడిపె మూడుసార్లు టిక్కుమనే దాకా తిప్పి, ఊపిరి బిగబట్టి చదువుతాను. స్క్రూ ఒక చుట్టు తిరిగితే అర మిల్లీమీటరు, చుట్టూ 50 గీతలు, ఒక్కో గీత నూరో వంతు. 25.08. 25.04. 25.02. షాఫ్టు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. బనియను గుడ్డతో తుడిచి, ఆఖరి సన్నపు కోత లాగి మళ్లీ కొలిచాను. 25 దాటి సగం గీత. అంటే 25.005. రెండు అంకెల మధ్య ఉంది. లోపల ఉంది!

స్విచ్చి ఆపేసి అలా నిలబడిపోయాను. షాఫ్టులో నా మొహం పొడుగ్గా, సాగదీసినట్టు కనపడింది. ఎవరైనా చూస్తున్నారేమో అని చుట్టూ చూశాను. ఎవరూ చూడలేదు.

టీకి బయటికి వచ్చాం. అద్దాల గదిలో పని చేసే కుర్రాడు నా కంటే ఏడాది పెద్ద. అతని బాధ వేరు. అక్కడ కొలత తప్పితే హ్యాండిలు ఉండదు, అంకె కొట్టాలి. 50 అని కొట్టి చుక్క పెట్టడం మరిచిపోతే అతని మిషను దాన్ని 50 మిల్లీమీటర్లు అనుకోదు, 50 మైక్రాన్లు అనుకుంటుంది. పోయిన నెల ఒక చుక్కకి టూలు విరిగింది. మాట్లాడుకుంటుండగా ఇనప ఖనిజం బండి వచ్చింది. బైలదిల్లా కొండల నుంచి పోర్టుకి వెళ్లేది, లెక్కపెట్టడం మొదలుపెడితే టీ చల్లారిపోతుంది. అది పోతున్నంతసేపూ డయల్ గేజి ముల్లు వణుకుతుందని మేం అంటాం, గురువు గారు ఒప్పుకోరు.

ఆయన వచ్చేసరికి పన్నెండు దాటింది. షాఫ్టు చూశారు. వేలి గోరుతో గీరి చూశారు. మొహంలో ఏమీ లేదు. అలమర తాళం తీసి తన చెక్కపెట్టె తెచ్చారు. అందులో ఆయన సొంత మైక్రోమీటరు, జపాను మిటుటోయో, మూడో దశాంశం కూడా చెప్పేది. మా షెడ్డులో ఎవరి కొలత ఎవరు ఒప్పుకోకపోయినా ఆఖరికి ఆ పెట్టె తెరవాల్సిందే. లండన్లో హెన్రీ మాడ్స్‌లే అనే ఆయన, నేటి లేత్‌లకి తాతలాంటి లేత్‌ని కట్టినవాడు, 1805 ప్రాంతంలో ఇలాంటి కొలత పరికరమే ఒకటి చేసుకుని దానికి లార్డ్ ఛాన్సలర్ అని పేరు పెట్టుకున్నాడట, పెద్ద జడ్జి అని. ఇనుము చుట్టూ మనుషులు తగువులాడుకునే తీరు రెండొందల ఏళ్లయినా మారలేదు. ఇంకో తమాషా: ఆ ఖనిజం బండి నడిచే కొత్తవలస–కిరండూల్ లైను 1960లలో జపానుకి ఇనపరాయి పంపడానికే వేశారు. మట్టిగా వెళ్లినది కొలబద్దగా తిరిగొచ్చి గురువు గారి అలమరలో ఉంది.

ఆయన చదివి, మైక్రోమీటరు నా చేతికిచ్చారు. నేను చదివాను. 24.992.

"పొద్దున సరిగ్గానే ఉందండీ. నేను రెండుసార్లు చూశాను."

ఆయన ఏమీ అనకుండా కొత్త 6205 బేరింగు డబ్బా చింపి నాకిచ్చారు. "ఎక్కించు."

సుత్తీ గొట్టమూ కోసం చూశాను. అవసరం లేకపోయింది. బొటనవేలితో నెడితే వెళ్లి కూర్చుంది. గాజు తొడుక్కున్నంత సుళువుగా.

"కూలెంటు ఏదిరా?"

అప్పుడు తలకెక్కింది. ఉక్కు మీటరు పొడవుంటే డిగ్రీకి 11, 12 మైక్రాన్లు సాగుతుంది. 25 మిల్లీమీటర్ల మీద అది లెక్కలోకి రాదు అనిపిస్తుంది. కాని పొడిగా కోసిన షాఫ్టు గది కంటే 45 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే, లెక్క వేసి చూడండి, 13 మైక్రాన్లు. కాగితం నాకు ఇచ్చిన చోటు మొత్తం వేడే తినేసింది. నేను కొలిచింది షాఫ్టుని కాదు, జ్వరంలో ఉన్న షాఫ్టుని. కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర నిజం అని ప్రపంచమంతా 1931లోనే ఒప్పుకుంది. పెందుర్తిలో ఆ 20 డిగ్రీలు మాకు ఎప్పుడొస్తాయి గనక! అయినా పరవాలేదు, షాఫ్టూ మైక్రోమీటరూ ఒకే వేడిలో ఉంటే చాలు. తడి గుడ్డ చుట్టి పావుగంట ఆగితే సరిపోయేది.

పక్క లేత్ మేస్త్రి తల తిప్పి, "పంచి కొట్టీండి గురూ, బిగుస్తాది" అన్నాడు. బజార్లో చాలామంది చేసేది అదే. షాఫ్టు మీద సెంటర్ పంచితో చుక్కలు చుక్కలుగా కొడితే లోహం పొంగి బేరింగు గట్టిగా పట్టుకున్నట్టు కనపడుతుంది. ఆ చుక్కల మొనలు నెలా రెండు నెలల్లో అణిగిపోతాయి, రైతు మళ్లీ సంచీలో పంపు వేసుకుని వస్తాడు. మరమ్మతు పేరుతో జరిగే మోసాల్లో ఇది అన్నిటికంటే చవకైనది. గురువు గారు అతని వైపు చూడను కూడా చూడలేదు.

"దీన్ని పారెయ్యకు. 20 సైజుకి పనికొస్తాది, 6204 ఎవుడో ఒకడు తెత్తాడు. ఇంకో ముక్క కొయ్యి. ముందు పంపు బాగుసెయ్."

అరగంట పట్టింది. కూలెంటు పంపు జాలీలో రజనూ, పులిసిన జిగురూ, ఎవరిదో బీడీ ముక్కా. కడిగి, కొత్త కూలెంటు కలిపి, హ్యాక్సా బ్లేడు మార్చి, కడ్డీ కోశాను. ఆకలి వేసింది గాని కేరేజీ తెరవలేదు.

రెండోసారి కోతలో తొందర లేదు. తెల్లటి ధార టూలు మీద పడుతూనే ఉంది. 25.05 దగ్గర ఆపాను. స్విచ్చి తీసేసి, తడిగుడ్డ చుట్టి, స్టూలు మీద కూర్చున్నాను. గురువు గారు దూరం నుంచి చూసి ఏమీ అనలేదు. కూర్చున్నవాణ్ని చూసి ఆయన ఏమీ అనకపోవడం ఈ నాలుగు నెలల్లో ఇదే మొదలు. పావుగంట అయ్యాక షాఫ్టుని అరచేత్తో పట్టుకున్నాను. వేడీ లేదు, చల్లదనమూ లేదు, నా చెయ్యిలాగే ఉంది. ఆకురాయి పట్టుకుని వెలుగు గీత కోసం కళ్లు చికిలించిన నెలలన్నీ ఎందుకో అప్పుడు తెలిసింది. కొలిచే పని చేతికి తెలియాలి, మైక్రోమీటరు తర్వాత.

ఆఖరి కోత లాగాను. కొలవబోయి, ఆగి, మళ్లీ తడిగుడ్డ. మళ్లీ పావుగంట.

ఈసారి చెక్కపెట్టె నా ముందే తెరిచారు. 25.009.

బేరింగు బొటనవేలికి లొంగలేదు. లోపలి రింగు మీద మాత్రమే ఆనేలా గొట్టం పెట్టి, చిన్న సుత్తితో కొట్టాను. మొదట టప్‌టప్‌మన్న చప్పుడు భుజం దాకా కూర్చోగానే ఠంగుమంది. వేలితో తిప్పితే నూనెలో తిరిగినట్టు తిరిగింది.

రైతు ఆరున్నరకి వచ్చాడు. షాఫ్టుని అటూ ఇటూ తిప్పి చూసి, పాత ముక్క కూడా అడిగి సంచీలో వేసుకుని, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లిపోయాడు. కూలెంటు ఆగిన సంగతి గాని, ముందు చేసిన షాఫ్టు సంగతి గాని అతనికి అక్కర్లేదు.

అప్రెంటిస్‌లు రోజూ పని పుస్తకం రాయాలి. బల్ల మీద వేలిముద్రలు పడకుండా పాత క్యాలెండరు కాగితం పరిచి రాశాను. "పంపు షాఫ్టు, 6205 సీటు, 24.992, రిజెక్టు. పంపు షాఫ్టు, 6205 సీటు, 25.009, ఓకే." గురువు గారు కళ్లజోడు పైకి తోసుకుని చదివి, రెండు వరుసలకీ కలిపి ఒకే సంతకం పెట్టారు.

దారం ఇంకా జేబులోనే ఉంది.